చిక్కుడు పక్కన ఏం వేయాలి

మొదటి చుక్క చల్లగా పడింది, రెండోది మండింది. "కళ్ళు మూసుకోండమ్మా, నలపకూడదు" అంటూ నర్సు నా చేతిలో కాస్త దూది పెట్టి, "మీకు తోడు ఎవరొచ్చారు?" అని అడిగింది. "వస్తున్నారు" అన్నాను. ఎవరూ రావడం లేదు. మా ఆయన గూడ్సు బండి గార్డు, నిన్న సాయంత్రం డ్యూటీ ఎక్కాడు, రేపు గాని దిగడు. అయినా అడిగినవాళ్ళకి ఆ క్షణానికి ఇబ్బంది లేని మాట ఏదో ఒకటి చెప్పేయడం నా నోటికి ఎప్పటినుంచో అలవాటు. కనుపాపలు పూర్తిగా విచ్చుకోవడానికి గంట పడుతుందట, పదిహేను నిమిషాలకోసారి చుక్కలు వేస్తారట, ఆ తర్వాత డాక్టరు లోపలికి దీపం వేసి చూస్తాడట. నెల రోజులుగా ఎడమ కంటి ముందు నల్లటి నలుసులు తిరుగుతున్నాయి. తెల్ల కాగితం మీద గీత గీస్తుంటే గీత పక్కన ఇంకో గీత కదిలిపోతుంది. నీళ్ళ సరఫరా ఆఫీసులో నక్షాలు గీసే మనిషికి అది చిన్న విషయం కాదు. కానీ భయమేసినప్పుడు దాని గురించి ఆలోచించకపోవడం కూడా నాకు అలవాటే, కాబట్టి తోట గురించి ఆలోచిద్దామనుకున్నాను. అందుకే సంచిలో కాగితం పెట్టుకుని వచ్చాను, ఆఫీసులో వాడేయగా మిగిలిన ట్రేసింగ్ కాగితం, చుట్ట చుట్టి రబ్బరు బ్యాండు వేసింది. ఈ గంటలో దాన్ని పూర్తి చేద్దామనుకున్నాను. చుక్కలు వేస్తే కాగితం కనబడదన్న సంగతి ఎందుకు తట్టలేదో. పోనీ, కళ్ళు మూసుకుంటే మడి ఇంకా బాగానే కనబడుతోంది. పన్నెండు అడుగుల పొడవు, అయిదు వెడల్పు, పెరట్లో తూర్పు గోడ వెంబడి.

చలి వెనక్కి తగ్గింది. పొద్దున నేల చేత్తో ముట్టుకుంటే ఇదివరకులా చురుక్కుమనడం లేదు. ఇంకో రెండు వారాలకి విత్తనం పడాలి. ఉత్తరం కొసన మొక్కజొన్న వేయాలి, ఎందుకంటే అది పొడుగ్గా లేస్తుంది, దక్షిణాన వేస్తే దాని నీడ అందరి మీదా పడుతుంది. మొక్కజొన్న జానెడు లేచాక దాని మొదట్లో చిక్కుడు గింజ, చిక్కుడు తీగ దాన్నే పట్టుకుని ఎక్కేస్తుంది, వేరే పందిరి అక్కర్లేదు. కింద గుమ్మడి. గుమ్మడాకులు నేలంతా కప్పేసి తేమ పోనివ్వవు, కలుపు రానివ్వవు. "ఒకత్తి నిలబడుతుంది, ఒకత్తి ఎక్కుతుంది, ఒకత్తి నేలని కాస్తుంది అక్కా, ముగ్గురికీ ఎవరి పని వాళ్ళకుంది, ఎవరితో ఎవరికీ పేచీ లేదు" అనేది పిట్ట. ఆ తర్వాత టమాటా. టమాటాల మధ్య బంతి, బంతి వేరు వాసనకి నేలలోని పురుగు దరికి రాదు. క్యారెట్ వరసల నడుమ ఉల్లి. ఇక చిక్కుడుకి అటుపక్క ఏమిటి? ఇక్కడే ఆగిపోయింది నా నక్షా. అక్కడ రెండడుగుల ఖాళీ వదిలేసి పెన్సిలు కింద పెట్టాను వారం కిందట. చిక్కుడుకి గిట్టనిది ఒకటుంది. ఉల్లా? ముల్లంగా? దాన్ని పక్కన పెడితే చిక్కుడు అలిగి కాపు మానేస్తుందని పిట్ట చెప్పింది, ఎలా అలుగుతుందో మూతి ముడిచి చూపించింది కూడా. మూతి గుర్తుంది, మొక్క గుర్తు లేదు. ఎవరినైనా అడగొచ్చు, పుస్తకాల్లో ఉంటుంది, ఫోన్లో నొక్కినా చెబుతుంది. ఎందుకో అడగబుద్ధి కావడం లేదు. ఆ ఖాళీ ఆమెదే అన్నట్టు వదిలేశాను.

పిట్ట నా తోడికోడలు. మా ఆయన తమ్ముడి భార్య. ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరు. పెళ్ళయి ఇంటికొచ్చిన మూడో రోజు పొద్దున అందరూ తలో మూలా ఉంటే మెడలోని ఈల తీసి ఒక్కసారి ఊదింది, "టీ అయింది, అందరూ లైన్లోకి రండి" అని. అత్తగారి చేతిలో చెంబు జారిపోయింది. ఆవిడ తిట్టబోయి నవ్వేసింది, ఆ ఇంట్లో ఆవిడ నవ్వడం నేను అప్పటికి ఎనిమిదేళ్ళలో రెండో మూడో సార్లు చూశాను. ఒక్కచోట కూర్చునేది కాదు, కూర్చున్నా కాలు ఆడుతూనే ఉండేది, అందుకే పిట్ట అన్నాను, అందరికీ అదే పేరయిపోయింది. ఇటుక ముక్కలూ పాత గొట్టాలూ తప్ప ఏమీ లేని పెరడు అది. బడి నుంచి వచ్చి చీర ఎగదోపి గడ్డపార పట్టేది, నేను బుట్టతో ఇటుకలు మోసేదాన్ని. మొదటి ఏడాదే టమాటా ఇంతలేసి కాసింది. బంగాళాదుంప కూడా వేద్దామన్నాను ఆ పక్కనే. "వద్దక్కా, రెండూ ఒకే కుటుంబం, ఒకరికి తెగులొస్తే రెండోవాళ్ళకి అంటుతుంది, ఒకే కుటుంబం వాళ్ళని దూరదూరంగా ఉంచాలి" అంది. "మరి మన సంగతేమిటే, పైనా కిందా ఒకే ఇంట్లో ఉన్నాం" అంటే, "మనిద్దరం వేరే వేరే ఇళ్ళనుంచి వచ్చాంగా, మనకేం కాదు, వాళ్ళన్నదమ్ములే జాగ్రత్తగా ఉండాలి" అని పకపకా నవ్వింది. సోపు మొక్కని మాత్రం దూరంగా డబ్బాలో పెట్టింది. "ఇది అచ్చం మా హెడ్మిస్ట్రెస్, పక్కన ఎవర్నీ ఎదగనివ్వదు" అని రోజూ దానికి నమస్కారం పెట్టి మరీ నీళ్ళు పోసేది.

"ఏమ్మా, మీకు మొదటిసారా?" పక్కనుంచి గొంతు వినిపించింది. రిటైరైన లారీ డ్రైవరట, కూతురు వెంట వచ్చింది. "కిందటిసారి ఒక్కణ్ణే వచ్చాను. చుక్కలేసుకుని బయటపడి బస్సెక్కాను. నలభై ఏళ్ళు లారీ తోలినవాణ్ణి, బస్సు బోర్డు చదవలేకపోతానా అని. తీరా చూస్తే పక్క ఊళ్ళో దిగాను." కూతురు "నాన్నా, అందరికీ చెప్పాలా" అని విసుక్కుంది. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. కళ్ళు తెరిచి చూస్తే ఆయన ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మసక, వెనక కిటికీ అంతా వెలుగు ముద్ద. మళ్ళీ మూసుకున్నాను. నర్సు వచ్చి రెండోసారి చుక్కలు వేసింది. గడ్డం పైకెత్తిన ఆమె వేళ్ళు వెచ్చగా ఉన్నాయి. "మీవాళ్ళు రాలేదా ఇంకా?" "దార్లో ఉన్నారు."

కిటికీ. ఆ రోజు కూడా కిటికీ దగ్గరే ఉన్నాను. మా వాటా పైన, నా గీతల బల్ల పెరటి వైపు కిటికీ కింద. ఆఫీసు పని ఇంటికి తెచ్చుకున్నాను, కొత్త వీధికి గొట్టాల నక్షా. అంతకుముందు రోజు బళ్ళో ఆటల పోటీలు, పిట్ట చీకటి పడ్డాక వచ్చింది, కింద మాటా మాటా పెరిగిన చప్పుడు వినిపించింది, తర్వాత ఆగిపోయింది. ఇలాంటివి అప్పటికి చాలాసార్లు విన్నాను. తెల్లారి ఎండ ఇంకా పెరట్లోకి పూర్తిగా దిగలేదు. మరిది ఒక్కొక్క మొక్కనీ మొదలంటా పట్టుకుని పీకుతున్నాడు. కోపంగా కాదు, అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు, ఆఫీసులో ఫైళ్ళు సర్దినట్టు వరసగా, టమాటా తర్వాత బంతి, బంతి తర్వాత చిక్కుడు. తీగ తెగకపోతే మొక్కజొన్నతో సహా లాగాడు. పిట్ట పరిగెత్తుకొచ్చి అతని చెయ్యి పట్టుకుంది. ఏదో అంది, వినబడలేదు. అతను విదిలించుకుని రెండు చేతులతో తోశాడు. నీళ్ళ తొట్టి అంచు మీద పడింది, మోచెయ్యి కిందయి. పడ్డ చప్పుడు కన్నా, పడ్డాక ఆమె అరవకపోవడం నాకు వినబడింది. నేను కిటికీలో పెన్సిలు పట్టుకుని నిలబడే ఉన్నాను. కిందికి పరిగెత్తి ఉండొచ్చు. పద్నాలుగు మెట్లు. అతను లోపలికి వెళ్ళిపోయేదాకా ఆగి అప్పుడు దిగాను, "అయ్యో ఏమైందే" అంటూ, ఏమీ తెలియనట్టు.

విరిగింది. కట్టు కట్టారు. నాలుగో రోజున ఆమె నాన్న వచ్చాడు. ముందుగదిలో అందరం కూర్చున్నాం. బురదలో కాలు జారిందన్నాడు మరిది. మొక్కల సంగతేమిటంటే, తెగులు పట్టాయి, పీకేశానన్నాడు. పిట్ట జరిగింది జరిగినట్టు చెప్పింది. అత్తగారు "చిన్నపిల్ల, కోపంలో ఏదో అంటోంది" అంది. పిట్ట నాన్న మంచి మనిషి, ఎటూ తేల్చుకోలేక నా వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు చెప్పు. నీ కిటికీ పెరట్లోకే ఉంటుందిగా. ఏం చూశావు?" అత్తగారి చెయ్యి నా మోకాలి మీద ఉంది. నొక్కలేదు, ఊరికే ఉంది. మా ఆయన నేల చూస్తున్నాడు. ఆ ఇంట్లో అప్పటికి పన్నెండేళ్ళ నుంచి ఉన్నాను, రేపు కూడా అదే వంటింట్లోకి వెళ్ళాలి, అదే మెట్లు దిగాలి. ఎవరూ నా నోరు నొక్కలేదు. "నేను పనిలో ఉన్నాను బాబాయిగారూ, చూడలేదు" అన్నాను. పిట్ట నన్ను తిట్టలేదు. ఒక్కసారి నా వైపు చూసి, మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టేసి లేచింది. ఆ సాయంత్రమే వాళ్ళ నాన్నతో వెళ్ళిపోయింది. తర్వాత ఏడాదికి కాగితాల మీద కూడా తెగిపోయింది. అత్తగారు పోయింది. కింది వాటాలో మరిది ఒక్కడే ఉంటున్నాడు. పిట్టకీ నాకూ మధ్య చుట్టరికానికి ఇప్పుడు మాట లేదు. మరిది భార్య కాదు కాబట్టి తోడికోడలు కాదు, స్నేహితురాలని చెప్పుకునే ముఖం నాకు లేదు. ఎవరైనా ఆమె గురించి అడిగితే "ఇదివరకు మా ఇంట్లో ఉండేది" అంటాను, అద్దెకున్న మనిషిని గురించి చెప్పినట్టు.

నాలుగేళ్ళయింది. కిందటేడు ఒకసారి చూశాను. బస్సు సిగ్నలు దగ్గర ఆగింది, పక్కనే ఏదో బడి మైదానం, పిల్లలు వరసల్లో, ముందు తెల్ల బూట్లు వేసుకుని ఒకామె. జుట్టు కత్తిరించుకుంది. ఈల ఊదుతూ కుడి చెయ్యి పైకెత్తితే ఆ చెయ్యి పూర్తిగా లేవలేదు, కొంచెం వంకరగా ఆగింది, అప్పుడు గుర్తుపట్టాను. దిగాలనుకున్నాను. సీటు ముందున్న కమ్మీని పట్టుకుని లేచాను కూడా. పచ్చ దీపం వెలిగింది. మళ్ళీ కూర్చున్నాను. ఆ వారమంతా ఏ వీధి నక్షా గీస్తున్నా ఆ మైదానం ఏ గొట్టం మీద ఉందో వెతికాను. ఆరంగుళాల గొట్టం, ఉత్తరం నుంచి వస్తుంది. అంత మాత్రం తెలిసినా ఏదో దగ్గరగా ఉన్నట్టనిపించింది. పిచ్చి కాకపోతే. పెరట్లో మడి అలాగే గట్టిపడి పోయింది, గడ్డి మొలిచింది, ఎవరూ ముట్టుకోలేదు. ఈ చలికాలం ఒక పొద్దున ఆ గడ్డిలో ఎప్పటి గింజో ఏమో బంతి మొక్క ఒకటి బక్కగా లేచి, మంచుకి నల్లబడి చచ్చిపోయింది. దాన్ని చూశాకే ట్రేసింగ్ కాగితం తీశాను. తోట నాకు కావాలని కాదు. వంగి మట్టిలో చెయ్యి పెట్టినప్పుడు పక్కన ఇంకో చెయ్యి కావాలి, వాగుతూ ఉండే గొంతు కావాలి, "అలా కాదక్కా, ఎంత లోతు పాతుతున్నావు, గింజనా శవాన్నా" అని కసిరే మనిషి కావాలి.

మూడోసారి చుక్కలు. తర్వాత చీకటి గదిలో డాక్టరు దీపం, పైకి చూడండి, కిందికి, ముక్కు వైపు. వెలుగు తల వెనక దాకా పోయినట్టుంది. "నరం బాగుంది, పొర బాగుంది. వయసుతో వచ్చే నలుసులే, అలవాటైపోతాయి. ఆరు నెలలకోసారి చూపించుకోండి" అన్నాడు. గుండెల మీంచి పెద్ద బరువు దిగి, దాని కింద ఇంకో బరువు బయటపడింది. నర్సు బయట నిలబడి ఉంది. "ఏరమ్మా మీవాళ్ళు? తోడు లేకుండా పంపమండీ మేము. మీకు ఈ నాలుగు గంటలూ మెట్టు కూడా కనబడదు." "ఎవరూ లేరు" అన్నాను. ఆ మాట చెప్పడం అంత తేలిగ్గా ఉంటుందనుకోలేదు. "ఎవరో ఒకరి నంబరు చెప్పండి, నేను కలుపుతాను." ఆఫీసులో నా పక్క బల్ల ఆమె ఉంది, ఇంటి పక్క వాళ్ళున్నారు. నా నోటి వెంట పది అంకెలు వచ్చాయి, వరసగా, తడబడకుండా. నర్సు నొక్కి నా చెవి దగ్గర పెట్టింది. నాలుగేళ్ళలో నంబరు మార్చేసి ఉంటుందిలే అనుకుంటుండగానే ఎత్తింది.

"హలో, ఎవరండీ?"

"నేను."

వెనక పిల్లల గోల. ఆ గోలలోంచి ఆమె నడిచి దూరంగా వచ్చినట్టుంది, గోల సన్నబడింది.

"కంటాసుపత్రిలో ఉన్నాను. చుక్కలేశారు. ఏమీ కనబడడం లేదు. ఎవరో ఒకరు వస్తే గాని పంపరట."

"బావగారు?"

"డ్యూటీలో ఉన్నారు."

నర్సు పక్కనే నిలబడి నా ముఖం చూస్తోందని తెలుస్తోంది.

"ఏ ఆసుపత్రి?" అంది.

అరగంటలో వచ్చింది. బూట్ల చప్పుడు వరండా చివర్నుంచే గుర్తుపట్టాను, ఆ తొందర నడకని. ఎదురుగా ఆగితే పొడుగాటి మసక, నీలం రంగు ఏదో. ముఖం కనబడలేదు. నాలుగేళ్ళు ఎదురుచూసిన ముఖం చెయ్యి చాపితే అందే దూరంలో ఉండి కనబడలేదు. "లే అక్కా, బస్సుకి టైమవుతోంది" అని నా మోచెయ్యి పట్టుకుంది, ఎడమ చేత్తో. "మెట్టుంది. ఇంకోటి. అయిపోయాయి." బయట ఎండ కళ్ళలో సూదుల్లా గుచ్చుకుంది, తన నల్ల కళ్ళజోడు తీసి నాకు పెట్టింది. బస్సులో నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి తను అంచున కూర్చుంది. కాలు ఆడడం లేదు.

"ఆ రోజు నేను చూశాను" అన్నాను.

"తెలుసు. కిటికీలో నువ్వు నాకు కనబడ్డావు. చేతిలో పెన్సిలుంది."

బస్సు రెండు చోట్ల ఆగింది. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు.

"నేను బయటపడి బతికానక్కా, నా సంగతి సరే. మా నాన్న పోయేదాకా ఆ మాటే. 'ఆ పెద్దకోడలు చూడలేదందే' అని. నన్ను నమ్మలేదని కాదు, పూర్తిగా నమ్మలేకపోయాడు. అలాగే పోయాడు."

క్షమించమందామంటే ఆ మాట మరీ చిన్నదిగా అనిపించింది. "మరెందుకొచ్చావు?" అన్నాను.

"కళ్ళు కనబడడం లేదన్నావుగా" అంది, అదేం ప్రశ్న అన్నట్టు.

మా వీధి మలుపు దగ్గర దిగాం. మా గేటు దాకా చెయ్యి వదల్లేదు. గేటు ముందు ఆగిపోయింది. "లోపలికి రా" అనబోయి మానుకున్నాను. ఎలా అంటాను. అయినా పంపలేక, సంచిలోంచి కాగితం చుట్ట తీసి ఆమె వైపు చాపాను. "చిక్కుడు పక్కన ఏం వేయాలో తెలియలేదు. రెండడుగులు వదిలేశాను." ఆమె రబ్బరు బ్యాండు తీసిన చప్పుడు, కాగితం విప్పిన చప్పుడు. చాలాసేపు చూసింది. "ఉల్లి మాత్రం వద్దు. వెల్లుల్లి కూడా. దోస వెయ్యి" అంది. అప్పుడే లోపల తలుపు తెరుచుకుంది. చెప్పుల చప్పుడు గేటు దాకా వచ్చింది. లావుపాటి మసక ఒకటి గేటుకి అవతల నిలబడింది.

"ఎవరు వదినా అది?" అన్నాడు మరిది. గుర్తుపట్టాడని గొంతులోనే తెలిసింది.

"నా తోడికోడలు."

"ఏంటి వదినా, నడివీధిలో..."

"ఆ రోజు నేను చూశాను" అన్నాను. అరవలేదు గాని, వీధిలో కూరలమ్మే బండి దగ్గర బేరాలు ఆగిపోయాయి. "మొక్కలు నువ్వు పీకావు. తొట్టి మీదకి నువ్వు తోశావు. చెయ్యి విరిగింది అందుకే. పై కిటికీలోంచి అంతా చూసి, చూడలేదని అబద్ధం చెప్పాను. వాళ్ళ నాన్న ఉండగా చెప్పాల్సింది. చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను."

"ఇప్పుడెందుకు వదినా అవన్నీ. అన్నయ్య రానీ, మాట్లాడదాం" అన్నాడు. చెప్పులు వెనక్కి వెళ్ళాయి, తలుపు గట్టిగా పడింది. రేపు ఆయన డ్యూటీ దిగి వస్తాడు, ఇంట్లో ఏమవుతుందో, ఏ మాటలు పడాలో. గోడ పట్టుకున్నాను. పిట్ట వెళ్ళిపోయిందేమోనని భయమేసి చెయ్యి చాపాను, గాలి తగిలింది. అంతలో కాళ్ళ దగ్గర కింద ఏదో గీరిన చప్పుడు. కూర్చుని ఉంది. గోడకీ రోడ్డుకీ మధ్య మూరెడు వెడల్పు మట్టి పట్టీ ఒకటుంది, ఎవరూ పట్టించుకోనిది. అందులో తాళంచెవితోనో దేనితోనో తవ్వుతోంది.

"ఇదెవరి నేల?"

"నీళ్ళ ఆఫీసుది. కింద గొట్టం పోతుంది, అయిదడుగుల లోతున. నేనే గీశాను. చిక్కుడు వేళ్ళు అంతదాకా పోవు."

"ఎండ ఎంతసేపుంటుంది?"

"మధ్యాహ్నం రెండింటి దాకా."

మట్టి చిదిమి చూసినట్టుంది, నా చేతిలో కూడా కాస్త పెట్టింది. పొడిపొడిగా, కొంచెం వెచ్చగా ఉంది. "ఎరువు కావాలి దీనికి. చాలా కావాలి" అంది. లేచి చేతులు దులుపుకుంది. "ఆదివారం పొద్దున వస్తాను. గేటు లోపలికి మాత్రం రానక్కా, ఎప్పుడూ."

"వద్దు" అన్నాను. "నేనే బయటికొస్తాను."